కొంగబొమ్మకి పెట్టిన ముద్దు

(‘మూడో ఏడాది’ నవల – పద్నాలుగో భాగం)

పోయిన వారం డెస్సాని మనం టిల్మన్ కాలేజీ జిమ్ము మెట్ల మీద వదిలి వచ్చాం. ఒడెస్సా ప్రూయిట్, ఇండియానాలో ఆ మూల కాలేజీకి చాలా ఏళ్ళకి దొరికిన అసలైన బాస్కెట్‌బాల్ గార్డు, అంటే బంతి నడిపించే పిల్ల, చదువు ఇంకా ఒక ఏడాది ఉండగానే వదిలేసి ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగుకి పేరిచ్చేద్దామని మనసులో గట్టిగా అనుకుంది. పేరిస్తే ఇక వెనక్కి రావడానికి లేదు, కాలేజీ జట్టు తలుపు మూసుకుపోతుంది. అటువైపు తలుపు తెరుచుకుంటుందని చెప్పినవాళ్ళూ లేరు. ఈ శీతాకాలం లీగు జట్ల మనుషులు ఇద్దరు వచ్చి, పై వరసలో కూచుని, పాప్‌కార్న్ తిని, మంచీ చెడూ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. తన ఉద్దేశం డెస్సా తల్లికి చెప్పలేదు, గదిలో ఉండే హాటీకి చెప్పలేదు, కోచ్ స్ట్రౌడ్‌కి అసలే చెప్పలేదు. టోర్నమెంటయ్యాక చెబుదాంలే అనుకుంది. ఈలోగా ఆదివారం మధ్యాహ్నం వచ్చిపడింది. సొంత జిమ్ములో ఈ ఏటికి ఆఖరి ఆట, నాలుగో ఏడాది పిల్లలకి వీడ్కోలు చెప్పే రోజు.

టిల్మన్ జట్టుకి గుర్తు నీలం కొంగ. జిమ్ము నేల నడిమధ్యన, గుండ్రటి గీతలో, ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. ఆటలో దాని మీంచి ఎన్నిసార్లయినా పరుగెత్తొచ్చు, పడి దొర్లొచ్చు. వంగి ముద్దు పెట్టడం మాత్రం ఒక్కసారే. నాలుగేళ్ళు ఆడిన పిల్లని ఆ ఆఖరి ఆటలో, గడియారం ఇంకా నడుస్తుండగానే, కోచ్ వెనక్కి పిలుస్తుంది. జనం లేచి నిలబడతారు. ఆ పిల్ల తిన్నగా బెంచీ దగ్గరికి పోదు. మధ్యకి నడిచి, మోకాళ్ళ మీద కూచుని, కొంగ ముక్కు మీద ముద్దు పెట్టి వస్తుంది. దాంతో ఆ నేలకీ ఆ పిల్లకీ చెల్లు. కొంగేమిటి, ముద్దేమిటి అని నవ్వకండి. ఆ ఊళ్ళో మొక్కజొన్న పండించే ముసలాళ్ళు కూడా ఆ ముద్దు చూసి జేబురుమాలు తీస్తారు. ముద్దు పెట్టాక మనసు మార్చుకుని మళ్ళీ ఆ నేల మీద ఆడిన పిల్ల ఇంతవరకూ లేదు.

ఆ రోజు ముద్దు పెట్టాల్సినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఎప్పుడూ ఆడే అయిదుగురిలోవాళ్ళే. మూడోది హాటీ లిండ్‌క్విస్ట్. హాటీ వాళ్ళది పందుల ఫారం. కాలేజీ ఏరి కోరి తెచ్చుకున్న పిల్ల కాదు, స్కాలర్‌షిప్పూ లేదు, జట్టులో చోటుందా అని తనే వచ్చి అడిగి చేరింది. నాలుగేళ్ళూ ప్రాక్టీసులో అసలు ఆటగత్తెలకి, డెస్సా వచ్చాక డెస్సాకి అడ్డం నిలబడి మోచేతి పోట్లు తినడం, ఆట రోజున బెంచీ చివర కూచుని తువ్వాలు ఊపడం, ఇదే దాని పని. ఇంతవరకూ ఒక్క బాస్కెట్ వెయ్యలేదు. అందుకే ఊరికి అదంటే ప్రాణం. ఆఖరి పావుభాగం మొదలైన దగ్గర్నుంచీ "హాటీ! హాటీ!" అని ఒకటే గోల. వాళ్ళ నాన్న ఒక వరస నిండా చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చాడు. తన పెళ్ళికి కూడా టై కట్టని ఆ పెద్దమనిషి ఆ రోజు టై కట్టుకున్నాడు.

డెస్సాకి ఆ గోల వినపడుతూనే ఉంది గానీ మనసుకి ఎక్కడం లేదు. పొద్దున లేచింది మొదలు ఆ పిల్ల ప్రతిదాన్నీ ఆఖరిసారి చూస్తున్నట్టే చూస్తోంది. ఈ గోడ గడియారం ఆఖరిసారి. ఈ పాప్‌కార్న్ వాసన ఆఖరిసారి. ఈ బ్యాండు వాళ్ళ అపశ్రుతి కూడా ఆఖరిసారే. పక్కనున్నవాళ్ళకి తెలిస్తే ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేసుండేవాళ్ళు. తను తెలియనివ్వలేదు, కాబట్టి ఎవరూ వెయ్యలేదు. నిండు జిమ్ములో ఒంటరిగా ఉండటమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం డెస్సాని అడగాలి.

గెలుపు ఖాయమైపోయింది. కోచ్ మొదటి పిల్లని వెనక్కి పిలిచింది. జనం లేచారు, ముద్దయింది, కన్నీళ్ళయ్యాయి. రెండో పిల్లని పిలిచింది. మళ్ళీ అంతా అదే. ఇంతలో ఎదటి జట్టు పిల్ల ఒకతి డెస్సా చేతి మీద కొట్టింది, రెఫరీ డెస్సాకి ఎవరూ అడ్డం రాకుండా బంతి వేసే ఫ్రీ త్రోలు రెండు ఇచ్చాడు. సొంత జట్టు పిల్ల ఫ్రీ త్రో వేస్తుంటే టిల్మన్ జనం నోరు మెదపరు. హాటీ కోసం అరుస్తున్నవాళ్ళు కూడా ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో డెస్సా రెండూ వేసింది. రెండోది పడుతూనే స్కోరు బల్ల దగ్గర హారన్ మోగింది. డెస్సా తల తిప్పేసరికి జిమ్మంతా లేచి నిలబడి ఉంది.

అసలు జరిగింది చాలా చిన్న విషయం. కోచ్ హాటీని లోపలికి పంపింది, హారన్ అందుకే. ఒకరు లోపలికి పోతే ఒకరు బయటికి రావాలి కదా, రెండ్రోజులుగా మడమ నొప్పితో కుంటుతున్న డెస్సాని రమ్మంది. జనం లేచింది హాటీ కోసం. ఆ హాటీ డెస్సా వీపు వెనకనుంచి పరుగెత్తుకొస్తోంది.

డెస్సాకి వెనకున్నది ఎలా కనపడుతుంది? ఎదురుగా కనపడింది లేచి నిలబడ్డ జనం, తనవైపు చూస్తూ చప్పట్లు కొడుతున్న కోచ్. తెలిసిపోయింది అనుకుంది. వీళ్ళందరికీ తెలిసిపోయింది, తెలిసి కూడా కోప్పడకుండా సాగనంపుతున్నారు అనుకుంది. మధ్యకి నడిచింది. మోకాళ్ళ మీద కూలబడింది. కొంగ ముక్కు మీద పెదాలానించింది.

లేచేసరికి చప్పట్లు లేవు.

బ్యాండు వాళ్ళు ఇంకో రెండు దరువులు వేసి ఆపేశారు. కోచ్ స్ట్రౌడ్ చేతులు రెండూ గాల్లోనే ఆగిపోయాయి. పై వరసలో ఎవరో పెద్దాయన, "అదేంటే, ఆ పిల్లది మూడో ఏడాదే కదా?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆయనకి చెవుడు కాబోలు, ఆ మాట జిమ్మంతా వినపడింది. డెస్సా వెనక్కి తిరిగితే అక్కడ హాటీ నిలబడి ఉంది, నోరు తెరుచుకుని. అప్పుడర్థమైంది పాపం పిల్లకి.

బెంచీ దగ్గర ఎవరూ చెయ్యి అందించలేదు. డెస్సా తువ్వాలు నెత్తిన కప్పుకుని కూచుంది. మిగిలిన ఆట ఎలా అయిందో చూళ్ళేదు.

*

గెలిచిన రోజున లాకర్ రూములో పాట మోగాలి. ఆ రోజు ఎవరూ పెట్టలేదు. మేజోళ్ళు లాగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ప్రొఫెషనల్ గారూ, కాస్త జరుగుతారా?" అంది టియెరా, జట్టులో అందరికన్నా పొడుగు పిల్ల. "నా చెప్పులు తమరి బెంచీ కింద ఉన్నాయి."

ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. డెస్సా జరిగింది.

"ఇంతకీ ఏ జట్టు తీసుకుంటోందట? మాక్కూడా టికెట్లు ఇప్పిస్తావా, టీవీలో చూసుకోమంటావా?"

"టియెరా, ఇక ఊరుకోవే," అంది హాటీ.

అందరూ స్నానాలకి పోయాక హాటీ వచ్చి పక్కన కూచుంది. పక్కనంటే మరీ పక్కన కాదు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది. అయినా అలవాటు కొద్దీ మంచు సంచీ తెచ్చి డెస్సా మడమ మీద పెట్టింది.

"నిజమేనా?"

డెస్సా తల వంచుకుంది.

"మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం కదే. నీ గురక నాకు తెలుసు. పరీక్ష ముందు రోజు నీకు అన్నం సయించదని తెలుసు. మా నాన్న పందులకి ఏ రోగమొచ్చినా నీకు తెలుసు. ఇది మాత్రం నాకు ఊరితో పాటు తెలిసింది."

"టోర్నమెంటయ్యాక చెబుదామనుకున్నానే."

"నాకు చెబితే చాటింపు వేస్తాననుకున్నావా?"

"కాదు. నీకు చెబితే నిజమైపోతుందని భయమేసింది." డెస్సా మంచు సంచీ మీద వేలితో గీతలు గీసింది. "సారీనే. ఆ జనమంతా నాకోసం లేచారనుకున్నాను. నువ్వు వెనకాల వస్తున్నావని చూళ్ళేదు."

"సర్లే." హాటీ మంచు సంచీని కాస్త జరిపింది. "నేను వేశాను, తెలుసా?"

"ఏం వేశావు?"

"త్రీ. కుడి మూలనుంచి, మూడు పాయింట్లది. బంతి నా దగ్గరికొచ్చింది. నా మీద కాపలా ఉన్న పిల్ల నీవైపే చూస్తోంది. వేశాను, పడింది."

"పడిందా!"

"వల తప్ప ఇంకేదీ తగల్లేదు. అంత చక్కగా పడింది. నాలుగేళ్ళకి. వేసి మా వాళ్ళవైపు చూస్తే మా నాన్న మెడ సాచి నిన్ను చూస్తున్నాడు. అమ్మా అంతే. ఒక్కళ్ళు చూళ్ళేదే డెస్సా. స్కోరు బల్ల దగ్గరాయన ఆట ఆపి మరీ అడిగాడు, 'ఇందాక వేసింది ఎవరమ్మాయ్?' అని."

నవ్వి తేల్చేద్దామని చూసింది హాటీ. నవ్వు రాలేదు.

"మరి ముద్దు?" అంది డెస్సా, అడగడానికే భయపడుతూ.

"ఎక్కడ పెడతాను? ఆ గొడవలో కోచ్ నన్ను వెనక్కి పిలవడమే మర్చిపోయింది. ఆట అయిపోగానే అందరూ ఫోన్లు పట్టుకుని నీ గురించే. అంతమందిలో నేను పోయి మళ్ళీ వంగితే నవ్వులాటగా ఉంటుందనిపించింది. వచ్చేశాను."

డెస్సాకి చచ్చిపోతే బావుండుననిపించింది. తిట్టినా సరిపోయేది. హాటీ తిట్టలేదు. లేచి, మంచు సంచీ కారకుండా ఇంకోసారి ముడి బిగించి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయింది.

*

బయట నడవాలో వెర్నా ప్రూయిట్ నిలబడి ఉంది. డెస్సా తల్లి, వాళ్ళ ఊరు పామర్ క్రీక్‌లో స్కూలు బస్సు నడిపే మనిషి. బస్సు నిండా ఉన్న పిల్లల్ని వెనక్కి తిరక్కుండానే ఒక్క మాటతో కూచోబెట్టగలదు. చర్చినించి తిన్నగా వచ్చినట్టుంది, ఆ బట్టల్లోనే ఉంది. చేతిలో పర్సిమన్ పళ్ళతో చేసిన పుడ్డింగ్ డబ్బా. ఎప్పుడొచ్చినా డెస్సాకీ హాటీకీ ఇద్దరికీ చేసుకొస్తుంది.

"అమ్మా..."

"నా పక్కన కూచున్నావిడ అడిగింది నన్ను," అంది వెర్నా. "'మీ అమ్మాయి వెళ్ళిపోతోందన్నమాట, ఎప్పుడు నిర్ణయించుకున్నారండీ మీరు?' అని. మీరు, అంది. నువ్వూ నేనూ కలిసి కూచుని మాట్లాడుకున్నామనుకుంది పాపం. నాకేమో చేతిలో పుడ్డింగు. ఎటు చూడాలో తెలీలేదు."

"సారీ అమ్మా."

"వెళ్తున్నావా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"అనుకోనిదానివి అక్కడ ఎందుకు వంగావు?"

"పొరపాటు పడ్డానమ్మా."

"నువ్వు దేంట్లో పొరపాటు పడ్డావో చూశాను. వంగడం పొరపాటు కాదు, వంగిన వేళ పొరపాటు. కదూ?"

డెస్సా గోడకి ఆనుకుంది. దూరంగా బంతులు సంచిలో వేస్తున్న చప్పుడు వినపడుతోంది. ఇద్దరు ముసలమ్మలు నడుచుకుంటూ వెళ్తూ డెస్సాని చూసి, ఎప్పటిలా పలకరించబోయి, ఏమనాలో తెలీక తల వంచుకుని దాటిపోయారు.

"చదువు పూర్తి కాకుండా ఆ లీగుకి పోవాలంటే ఈ ఏడు ఇరవై రెండు నిండాలట. ఆ పక్కనున్నావిడే చెప్పింది, నాకు తెలీదు," అంది వెర్నా. "నీ తరగతి పిల్లలకి ఇరవై ఒకటే. నీకు నిండుతాయి. ఎందుకు నిండుతాయో తెలుసా?"

"తెలుసు."

"చెప్పు."

"రెండో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి."

"నువ్వు చదివావా? నేను చదివించాను. టీచరు పైకి పంపిచ్చేస్తానంది. మీ నాన్న, 'ఫెయిలైన పిల్ల తండ్రని ఊళ్ళో నా మొహాన ఉమ్మేస్తారు' అని ఇంటి పెంకులు ఎగిరేలా అరిచాడు. నేను ఒప్పుకోలేదు. దీనికి చదవడం రాలేదు, వచ్చేదాకా పైకి పంపడానికి వీల్లేదు అన్నాను. నీ తోటివాళ్ళు నిన్ను 'నాయనమ్మా' అని ఏడిపిస్తుంటే, బస్సులో నా వెనక సీట్లో కూచుని ఏడ్చేదానివి. అద్దంలో నాకు కనపడేది. అయినా ఒప్పుకోలేదు. నువ్వు చదువుకోవాలని నిన్ను ఆపాను డెస్సా. నేను ఆపిన ఆ ఏడాదినే అడ్డం పెట్టుకుని నువ్వు చదువు ఆపేస్తావా?"

వెర్నా గొంతు పెంచలేదు. పెంచితే డెస్సా కూడా పెంచేది, ఇద్దరికీ కాస్త తేలికయ్యేది.

"నా మోకాళ్ళు ఇప్పుడు బావున్నాయమ్మా," అంది డెస్సా. "వచ్చే ఏడు బావుంటాయని ఎవరు చెప్పగలరు?"

"మోకాళ్ళ గురించి కాదు నువ్వు మాట్లాడేది. పదిహేను మైళ్ళు బస్సులో నీ ఏడుపు విన్నదాన్ని, నాకు తెలీదూ? అసలు సంగతి చెప్పు."

డెస్సా నేల చూస్తూ చెప్పింది.

"క్లాసులో కూచుంటే నాకు ఇప్పటికీ రెండో తరగతిలో ఉన్నట్టే ఉంటుందమ్మా. అందరూ పేజీ తిప్పుతారు, నేను ఇంకా పేజీ మొదట్లోనే ఉంటాను. అక్షరాలు కదులుతాయి. ఎవరికీ తెలీకూడదని తెల్లార్లూ చదివి, పొద్దున నవ్వుకుంటూ పోతాను. ఇంకో ఏడాది నావల్ల కాదు. బంతి పట్టుకుంటే మాత్రం నాకన్నీ ముందే తెలుస్తాయి. ఎవరు ఎటు కదులుతారో, ఎక్కడ ఖాళీ వస్తుందో. అక్కడ నేను అందరికన్నా ముందుంటానమ్మా. అక్కడొక్కచోటే."

వెర్నా మొహంలో ఏదో కదిలింది. చెయ్యి కూడా ముందుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పత్రికలవాళ్ళ పనులు చూసే కార్లిన్ నడవా మలుపులోంచి తల పెట్టింది.

"డెస్సా, అందరూ కాచుకున్నారు. వస్తావా? రానని చెప్పమంటావా?"

"వస్తుంది," అంది వెర్నా. చెయ్యి వెనక్కి తీసుకుంది. "వెళ్ళు. జవాబు చెప్పాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు."

*

ఆట అయ్యాక కోచ్, ఇద్దరు ఆటగత్తెలు ఒక బల్ల వెనక కూచుని విలేకరులతో మాట్లాడటం అక్కడ మామూలే. మామూలుగా ఆ గదికి ఊరి పత్రిక డ్వైట్ ఎమ్రిక్, కాలేజీ రేడియో అమ్మాయి తప్ప ఎవరూ రారు. ఆ రోజు కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. నాలుగో ఏడాది పిల్ల కాబట్టి హాటీని ముందే కూచోబెట్టారు. డెస్సా వెళ్ళి అటుపక్క కూచుంది. మధ్యలో కోచ్ స్ట్రౌడ్, నీళ్ళ సీసా మూత బిగిస్తూ విప్పుతూ, ఎవరివైపూ చూడకుండా ఉంది. వెర్నా కూడా వచ్చి తలుపు పక్కన నిలబడింది.

హాటీ వేసిన బాస్కెట్ గురించి ఒక్కరూ అడగలేదు. డ్వైట్ ఎమ్రిక్ కళ్ళద్దాలు పైకి తోసుకుని మొదలుపెట్టాడు.

"డెస్సా, ఈ ఊళ్ళో అందరం చూశాం. చూసింది నిజమేనా?"

డెస్సా నోరు తెరిచింది. గదిలో ఎవరి కుర్చీయో కిర్రుమంది. అప్పుడు హాటీ మైకు తనవైపు లాక్కుంది.

"అది నా తప్పండీ," అంది.

అందరూ అటు తిరిగారు. ఆ రోజుకి మొదటిసారి.

"మేమిద్దరం పందెం వేసుకున్నాం. నన్ను ఆటలోకి దింపితే నా బదులు కొంగకి నువ్వు ముద్దు పెట్టాలి అన్నాను. నన్ను దింపరని దాని ధీమా. దింపారు, అది ఓడిపోయింది. ఓడిపోయాక మాట తప్పకూడదు కదండీ? పైగా ఆ కొంగ ముక్కు మీద నాలుగేళ్ళ చెమట ఉంది. నేను పెట్టేదానికన్నా అది పెట్టడమే నయమనుకున్నాను."

ఒక్క క్షణం ఆగి గదంతా గొల్లుమంది. "ఒసినీ!" అన్నాడు డ్వైట్. రేడియో అమ్మాయి నవ్వుతూ నుదురు కొట్టుకుంది. ఊపిరి బిగబట్టుకున్నవాళ్ళంతా వదిలేశారు. ఊరి పిల్ల ఊళ్ళోనే ఉండిపోతుంది, అంతకన్నా ఏం కావాలి వాళ్ళకి? నవ్వనిది ముగ్గురే. డెస్సా నవ్వలేదు. వెర్నా నవ్వలేదు. కోచ్ స్ట్రౌడ్ సీసా మూత తిప్పడం ఆపేసి, రక్తం ఇంకిపోయిన మొహంతో హాటీవైపు చూస్తూ ఉండిపోయింది.

బల్ల కింద హాటీ కాలు కోచ్ కుర్చీ ముందునుంచి సాగి వచ్చి డెస్సా కాలికి తగిలింది. ఊఁ అను, పోతుంది, అన్నట్టు. ఆటలో తనకంటూ దక్కిన ఒక్క నిమిషాన్నీ పాడుచేసిన మనిషి కోసం అది అబద్ధమాడుతోంది.

"నాదో ప్రశ్న," అన్నారు వెనకనుంచి.

"అమ్మా, ఇది పత్రికలవాళ్ళకి మాత్రమేనండీ," అంది కార్లిన్.

"తెలుసమ్మా. ఒక్కటే అడిగి పోతాను." వెర్నా గొంతు బస్సు గొంతు. గది సర్దుకుని కూచుంది. "పందేల సంగతి నాకు తెలీదు. డెస్సా, వచ్చే ఏడు ఇక్కడ ఉంటావా, ఉండవా?"

డెస్సా తల్లిని చూసింది. హాటీని చూసింది. ఊఁ అంటే ఈ గది దాటి బయటపడొచ్చు. ఊఁ అని, టోర్నమెంటయ్యాక మళ్ళీ ఇంకో రోజు ఇంకో గదిలో ఇదే మాట మింగుతూ కూచోవాలి. ఇప్పటికే మింగి మింగి అలిసిపోయింది.

"ఉండనమ్మా," అంది. "పందెం ఏమీ లేదు. హాటీ నన్ను కాపాడ్డానికి చెప్పింది."

హాటీ కాలు వెనక్కి పోయింది. దాని మొహం చెవులదాకా ఎర్రబడింది. "ఇంత చేస్తే..." అని గొణిగి కుర్చీ పక్కకి జరుపుకుంది. గదిలో నవ్వు ఎక్కడిదక్కడ ఆరిపోయింది.

"ఎవరు పిలిచారు నిన్ను?" అంది వెర్నా.

డ్వైట్ పెన్ను పైకెత్తి పట్టుకున్నాడు. అందరికీ కావాల్సింది అదే. ఏ ఊరు, ఏ జట్టు, ఎవరు మాటిచ్చారు?

"ఎవరూ పిలవలేదు."

"ఒక్కళ్ళు కూడా?"

"లేదమ్మా. ఆ వచ్చినవాళ్ళు మళ్ళీ ఫోన్ కూడా చెయ్యలేదు. నేనే పోదామనుకున్నాను."

డ్వైట్ పెన్ను దించేశాడు, ఏమీ రాయకుండానే. ఇంతమంది ముందు చెప్పుకోవాల్సిన మాటా అది? డెస్సా చేతులు బల్ల కింద దాచుకుంది.

వెర్నా కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ ముందుకొచ్చింది. వచ్చి బల్లకి ఇవతల నిలబడి, పుడ్డింగ్ డబ్బా మైకుల పక్కన పెట్టింది. బస్సు గొంతు ఎటు పోయిందో పోయింది.

"పిలవని చోటికి పరుగెందుకే పిచ్చిదానా? ఉండిపో. ఒక్క ఏడాది. అక్షరాలు కదిలితే కదలనీ, నేనొచ్చి నీ పక్కన కూచుంటాను. రెండో తరగతప్పుడు మాత్రం కూచోలేదూ? ఒక్కదానివే పడాలని ఎవరు చెప్పారు నీకు?"

అంతే, డెస్సాకి ఏడుపు ఆగలేదు. ఇన్ని నెలల్లో ఈ మాట ఎవరైనా అంటారని ఆ పిల్ల అనుకోలేదు, ఎవరినీ అననివ్వలేదు కూడా. ఉండొచ్చు అనిపించింది. హాటీ కాళ్ళు పట్టుకోవచ్చు, టియెరా వెక్కిరింతలు పడొచ్చు, నెమ్మదిగా పేజీలు తిప్పుకోవచ్చు. మళ్ళీ చలికాలానికి ఇదే జిమ్ములోకి రావచ్చు. పేరు ఇంకా ఇవ్వలేదు కదా! మొహం తుడుచుకుని కోచ్ వైపు తిరిగింది.

"కోచ్, నేను ఉంటాను. బుద్ధి గడ్డి తిని అలా చేశాను. ఎక్కడా పేరివ్వలేదు, సంతకం పెట్టలేదు. వచ్చే ఏడు ఇక్కడే ఆడతాను."

కోచ్ స్ట్రౌడ్ చెయ్యి చాపి తన ముందున్న మైకు ఆపేసింది, తర్వాత డెస్సా ముందున్నది కూడా ఆపేసింది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని ఆడిస్తున్న మనిషి, ఓడిన రోజున కూడా ఎవరి కళ్ళలోకైనా తిన్నగా చూసే మనిషి, ఇప్పుడు సీసా మీది కాగితం గోటితో గీకుతోంది.

"ఒహాయోలో ఒక పిల్ల ఉంది," అంది, డెస్సాకి మాత్రమే వినపడేలా. "మంచి గార్డు. మీ దగ్గర చోటుందా లేదా, ఇవాళ్టిలోపు చెప్పకపోతే ఇంకో కాలేజీకి మాటిచ్చేస్తాం అన్నారు వాళ్ళ వాళ్ళు. లేదనే చెబుదామనుకున్నాను. నువ్వున్నావు కదా, గార్డుకి మనకున్న స్కాలర్‌షిప్పు ఒక్కటే కదా అని."

"చెప్పారా?"

"ఆట అవగానే ఫోన్ చేశాను డెస్సా. ఉందని చెప్పాను."

"నా చోటా, కోచ్?"

కోచ్ అప్పుడు తలెత్తింది. ఆమె కళ్ళు కూడా తడిసి ఉన్నాయి.

"ముద్దు పెట్టావు కదమ్మా," అంది. "వెళ్ళిపోయావనే అనుకున్నాను."